వృషభరాశిలో మరక

ఆ రోజుల్లో బస్సు ఎప్పుడు నడుస్తుందో, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మనిషి మా వైపు లేడు. ఉద్యమం ఊపులో ఉంది. ఇవాళ రాస్తారోకో అయితే రేపు బంద్. నా కోపం మాత్రం వాటి మీద కాదు (జై తెలంగాణ అంటూ నేనూ రోడ్డు మీద కూర్చున్నవాణ్ణే). నా కోపమంతా మా బావ మీద.

అప్పుడు నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. వృషభరాశిలో ఒక నక్షత్రం పేలిపోవడం దాదాపు వెయ్యేళ్ళ కిందటి మనుషులు చూశారు. దాని శిథిలం ఇంకా పొగలా వెలుగుతూనే ఉంది. దాన్ని ఫోటో తీసి చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. సిరిసిల్లలో ఫోటో స్టూడియో నడిపే బావ దగ్గర పెళ్ళిళ్ళ కెమెరా అడిగి తెచ్చాను. బడి టెలిస్కోపుకు దాన్ని బిగించి, చలికాలం సాయంత్రాలు కరెంటు పోగానే కొండగట్టు దారిలో ఒక బండ మీద వణుకుతూ కూర్చునేవాణ్ణి. దారిన పోయే భక్తులు "ఏం పోగొట్టుకున్నవ్ సారూ?" అని జాలిపడేవాళ్ళు. తీసిన ఫోటోలన్నీ ఇంటర్నెట్ సెంటర్లో ఒకదానిమీద ఒకటి పేర్చితే, ఎట్టకేలకు నలుసంత తెల్లటి మసక తేలింది. ఎగిరి గంతేశాను. దాన్ని మెమరీ కార్డులో వేసి, పెద్ద సైజు ప్రింటు తీయమని కెమెరాతో సహా బావకు అప్పగించి వచ్చాను.

బంద్ ముగిశాక సిరిసిల్ల వెళ్తే, బావ ప్రింటు విప్పి మురిసిపోయాడు.

"సూడు బామ్మర్దీ, నడుమ గింత మరక వడ్డది. నేనే సాఫ్ జేసిన. ఇప్పుడు ఆకాశం అద్దం లెక్కుంది."

"అది మరక కాదు బావా! పేలిపోయిన నక్షత్రం!"

"పేలిపోయిందంటున్నవ్ గదా, మల్ల ఫోటోల ఎట్లుంటది?"

"కార్డు ఏది?"

"ధర్నా ఫోటోలకు జాగ లేకుంటే అన్ని తీసేసిన."

లోపల అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆకాశం యాడికి వోతది తమ్మీ, మల్ల దియ్యి" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మాటిచ్చిన పాపానికి ఆ ప్రింటే బడికి తీసుకుపోయాను. "సార్, నక్షత్రం ఏది?" అని ముందు వరుస పిల్ల అడిగింది. నల్లటి చోట వేలు పెట్టి "గిక్కడుండె. మా బావ తీసేసిండు" అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

బావతో నెలల తరబడి మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్ర మాస్టారి మీద నవ్వూ, కాస్త ముద్దూ వస్తాయి. ఎవరు తుడిచినా చెక్కుచెదరని ఆ నక్షత్రం తరఫున పౌరుషపడి, పండక్కి కూడా అక్క గడప తొక్కలేదతను. అక్క పంపిన సకినాలు మాత్రం తిన్నాడు. కోపంగానే తిన్నాడు.