మూలన కూర్చున్న పెద్దక్షరం

నా చిన్నప్పుడు, ఏడో తరగతి పరీక్షలు దగ్గరపడిన రోజుల్లో, మా ఇంట్లో నన్నొక మూలన కూర్చోబెట్టారు. పెద్దమనిషినయ్యానట. తాటాకు చాప, ఒక కంచం, ఒక గ్లాసు, నా చుట్టూ నేలమీద ముగ్గుపిండితో గీసిన గీత. స్నానం చేయించే రోజు వచ్చేదాకా ఆ గీత దాటకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు. చిమ్మిలి ఉండలు మాత్రం అడగకుండానే వచ్చేవి. ఎలుకబోనులో పెట్టే కొబ్బరిముక్క కూడా తియ్యగానే ఉంటుంది మరి.

మాది విశాఖలో పాతపట్నాన్ని ఆనుకున్న ఇరుకు వీధి. నాన్న వేటకి పోతే, అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని సీతమ్మధార దాకా వెళ్లి అమ్ముకొచ్చేది. ఇంట్లో పెత్తనమంతా నాయనమ్మదే. గీత గీసింది ఆవిడే. "సమర్తాడిన పిల్లకి ఇంక బడేటి? సదివింది సాలు" అని తేల్చేసిందీ ఆవిడే. ఆ మాటకి ఎదురు చెప్పే దమ్ము మా నాన్నకి లేదు. సముద్రానికి భయపడని మనిషి తల్లి ముందు పిల్లిలా ఉండేవాడు.

ఆ మూలకి కిటికీ లేదు. హార్బర్లో ఓడ కూత పెడితే వినపడేది. అంత పెద్ద ఓడ కదిలి వెళ్లిపోతోంది, నేను మాత్రం ఇక్కడే ఉన్నాననుకుంటే ఊపిరాడేది కాదు. స్నానం అయితే గీత చెరిపేస్తారు, నిజమే. కానీ బడి లేకపోతే ఇల్లంతా మూలే కదా! ఇది తలుచుకుని ఏడ్చేదాన్ని. ఒళ్లు మండిన సంగతి ఇంకొకటుంది. అక్కడ కూర్చున్నప్పటి నుంచీ నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. "పిల్లకి కూడెట్టారా?", "పిల్ల తొంగుందా?" ఇవే మాటలు. చూడవచ్చిన వాళ్లు కూడా పిల్ల బాగుందని నాయనమ్మకి చెప్పి వెళ్లిపోయేవారు.

పేరుతో పిలిచింది పక్కింటి అక్క ఒక్కతే. వాళ్లు ముస్లిములు. వాళ్ల నాన్నగారు పాతపట్నంలో టైలరు. అక్క పది పాసై, ఇంట్లో జాకెట్లు కుడుతూండేది. మా వాళ్లెవరూ నా దగ్గరికి రాకూడదు గానీ, "సాయిబులమ్మాయికి మన మైలేటి అంటద్ది?" అని నాయనమ్మ ఆవిణ్ని రానిచ్చింది. ఆ లెక్క ఎవరు కట్టారో గానీ వాళ్ల కడుపు చల్లగుండ! అక్క గీతకి ఆనుకుని కూర్చుని నాకు ఇంగ్లీషు చెప్పేది. అడ్డంగా కట్టిన చాప అవతల నాయనమ్మ చిరిగిన వల బాగుచేసుకుంటూ, చెవి మాత్రం ఇటే వేసి ఉంచేది.

ఇంగ్లీషులో నాకు మార్కులు పోయేది కేపిటల్ లెటర్ల దగ్గరే. వాక్యం మొదట్లో పెద్దక్షరం పెట్టేదాన్ని. మధ్యలో పేరు వస్తే మరిచిపోయేదాన్ని. మన తెలుగులో ఆ బెడద లేదు, రాజుకైనా రొయ్యకైనా అక్షరం ఒకే ఎత్తు. ఒక రోజు అక్క సుద్దముక్కతో గచ్చు మీద రాసి చూపించింది. పడవ అంటే లోకంలో ఏ పడవైనా కావచ్చు, దానికి చిన్నక్షరం చాలు. మీ నాన్న పడవకి పెట్టుకున్న పేరు ఆ ఒక్క పడవదే, దానికి పెద్దక్షరం కావాలి. ఊరికి చిన్నది, విశాఖపట్నానికి పెద్దది. పిల్లకి చిన్నది. అక్కడ ఆగి నావైపు చూసింది. తర్వాత, ఆ మూలన కూర్చున్నది ఫలానా అమ్మాయి అని అర్థం వచ్చేలా ఒక వాక్యం రాసింది. నా పేరు చిట్టచివర, ముగ్గుగీతకి తగులుతూ పడింది. దాని మొదటి అక్షరం మిగతావాటి కంటే ఎత్తుగా నిలబడి ఉంది.

"మొదట్లో ఉందా, మూల్లో కూకుందా అని సూడరే. పేరైతే సాలు, పెద్దచ్చరమే" అంది అక్క.

నాకు కళ్లు నిండిపోయాయి. సరిగ్గా అప్పుడే చాప అవతల వల చప్పుడు ఆగింది.

"నా పేరుకీనేటే?" అంది నాయనమ్మ.

"నీ పేరుకీ మామ్మా. ఇంతకీ నీ పేరేటి?"

ఆ ప్రశ్నకి జవాబు నాకూ తెలియదు. తాతయ్య ఉన్నన్నాళ్లూ ఆవిణ్ని "ఒసే" అన్నాడు. వీధికి ఆవిడ మా నాన్న తల్లి, మా అమ్మకి అత్త. నాయనమ్మ చాప తొలగించి వచ్చి, కొత్త పెళ్లికూతురిలా తల వంచుకుని పేరు చెప్పింది. అక్క సుద్దముక్క నా చేతిలో పెట్టి, "నాకు సెయ్యి పీకతంది, నువ్వు రాయే" అంది. రోజంతా మిషను తిప్పే చెయ్యి రెండు వాక్యాలకే పీకుతుందా? అప్పటికి నాకేమీ తట్టలేదు. కూడబలుక్కుని రాశాను. నిలువుగా రెండు గీతలు, మధ్యలో ఒక ఏటవాలు గీత, ఆ వెనక చిన్నక్షరాలు.

"ఇదా నాది? గుంజల మజ్జిన వల కట్టినట్టుందే!" అని నాయనమ్మ వంగి, ఆ పెద్దక్షరం మీద వేలు పెట్టి నెమ్మదిగా దిద్దింది. నేను రాసింది గీతకి ఇవతల, నా వైపు. ఆవిడ మోచెయ్యి ఆని ముగ్గుపిండి చెదిరిపోయింది. తను గీసిన గీతని తనే దాటిందని ఆవిడకి తెలిసిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. లేచేటప్పుడు మాత్రం నా తల మీద చెయ్యి వేసింది. ఆ మూలలోకి వచ్చాక నన్ను తాకిన మొదటి చెయ్యి అదే.

"పరీచ్చలెప్పుడే?" అని అడిగింది, నా పేరు పెట్టి.

స్నానమయ్యాక నన్ను బడి గుమ్మం దాకా ఆవిడే దిగబెట్టింది.

ఇప్పుడు నా మనవరాలు ఫోనులో అందరి పేర్లూ చిన్నక్షరాలతోనే కొడుతుంది. కొట్టుకోనీ, దానికి బడి ఎవరూ మాన్పించలేదు. నాకు మాత్రం ఆనాటి నుంచి ఒక అలవాటు ఉండిపోయింది. ఎవరింటికి వెళ్లినా, మూలన ఒక పెద్దావిడ కనిపిస్తే ముందు వెళ్లి పేరడుగుతాను. చాలామంది ఫలానావాడి తల్లినమ్మా అంటారు. అది కాదు, నీ పేరు చెప్పమంటాను. వాళ్లు సిగ్గుపడుతూ చెబుతుంటే నాకు ముగ్గుపిండి అంటిన ఆ మోచెయ్యి గుర్తొస్తుంది.

మా నాయనమ్మ పేరు నూకరత్నం.