మూడో అంతస్తు బాల్కనీకి వల కట్టిన రోజు

మా చిన్నప్పుడు నాచారంలో, మూడో అంతస్తులో ఉండేవాళ్లం... ఓ మధ్యాహ్నం మా పిల్లి పావురం మీదికి దూకి బాల్కనీలోంచి కింద పడిపోయింది.

నేను నాలుగో తరగతి. ఆ రోజు బడికి సెలవు. పిట్టగోడ మీద పావురం వాలడం, పిల్లి ఒళ్లు దగ్గరికి తీసుకోవడం చూశాను... మరుక్షణం బాల్కనీ ఖాళీ. కింద స్కూటర్ల షెడ్డు రేకు మీద ధబ్బుమని చప్పుడు.

"అమ్మా, పిల్లి పడ్డది" అన్నాను.

అమ్మ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ రోజుల్లో ఎప్పుడూ అలాగే ఉండేది.

ఆ ఏడాది వేసవిలో నాకు తమ్ముడు పుట్టాడు... పుట్టాడు గానీ ఏడవలేదు. నాన్న ఒక్కడే వెళ్లి చేయాల్సింది చేసి వచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ వండేది, వడ్డించేది, మళ్లీ వెళ్లి పడుకునేది. నాకూ ఏడుపు రాలేదు. టీవీ చప్పుడు బాగా తగ్గించి, బొమ్మలు కదులుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని.

పిల్లిని తెచ్చింది నాన్నే. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర దొరికిందట, టిఫిన్ సంచిలో పెట్టుకుని తెచ్చాడు. దానికి పేరు పెట్టలేదు... పేరు ఆలోచించే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. పిల్లి అనే పిలిచేవాళ్లం.

నా మాట వినగానే అమ్మ లేచింది. నేను మెట్లు దిగేసరికి షెడ్డు పక్కన నేల మీద కూర్చుని పిల్లిని కొంగులో చుడుతోంది. దాని ముందుకాలు ఒకటి వేలాడుతోంది. మూతి దగ్గర నెత్తురు.

రెండో అంతస్తులో ఉండే సరోజ అత్త చప్పుడు విని వచ్చింది. మాకు చుట్టం కాదు, వరస కలుపుకుని అలా పిలిచేదాన్ని. రోడ్డు మీదికెళ్లి ఆటో ఆపింది.

"ఉప్పల్ల పశువుల డాక్టరున్నడు వదినా. ఎక్కు, జల్ది పోదాం."

డాక్టరు పెద్దాయన. పిల్లిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాలు ఇరిగింది. అతుక్కుంటది, ఫికర్ లేదు" అని కట్టు కట్టడం మొదలుపెట్టాడు.

"నేను పండుకున్న సార్" అంది అమ్మ. "బాల్కనీ తలుపు ఏసి ఉంటే పడకపోతుండె."

"పిట్ట కనబడితే పిల్లికి ఎత్తు యాదికుండదమ్మా. మీ తప్పేం లేదు."

"నా తప్పు లేదా?"

"లేదు."

అమ్మ ఇంకోసారి అడిగింది. ఆయన తలెత్తి ఆమెను చూసి, ఇంకోసారి "లేదమ్మా" అన్నాడు.

ఆమె అడిగింది పిల్లి గురించి మాత్రమే కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం బల్ల మీది దూది ఉండల్ని చూస్తూ నిలబడ్డాను.

"చిన్న ఇల్లయితే ఏమైతది" అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "బాల్కనీకి వల కట్టండి. కిటికీ దగ్గర ఎత్తుల కూసునే జాగ ఇయ్యండి, బయటికి సూస్తుంటే దానికి పొద్దు పోతది. రోజు కొంచెంసేపు ఆడించండి. దారాలు, రబ్బరు బ్యాండ్లు కింద ఉంచొద్దు, మింగుతది."

అమ్మ ప్రతి మాటకూ తలూపింది...

ఆదివారం నాన్న ఆకుపచ్చ వల తెచ్చాడు. అమ్మ, సరోజ అత్త కలిసి కట్టారు.

"గట్ల కాదు వదినా, కింద సందుంటే తల దూరుస్తది. జర గట్టిగ లాగు" అని అత్త చెబుతుంటే అమ్మ లాగింది. వల కట్టే తీగ గీరుకుని వేలు తెగింది. నోట్లో పెట్టుకుని, మళ్లీ లాగింది.

ఇక కిటికీ పక్కన పిల్లి కూర్చునేందుకు చెక్క కావాలి. అమ్మ అటక వైపు చూసింది. అక్కడ పాత దుప్పటి కింద కర్ర ఉయ్యాల ఉంది. పసిపిల్లగా నేను పడుకున్నదే... తమ్ముడి కోసం నాన్న కొత్తగా రంగు వేయించి పెట్టాడు.

"అది దించు" అంది నాన్నతో.

"అదా?"

"ఊకెనే ఉన్నది గదా."

నాన్న స్టూలు ఎక్కి, చాలాసేపు అటక అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత దించాడు. మేకులు ఊడదీసి, అడుగు చెక్కను కిటికీ పక్కన బిగించాడు. ఎవరూ ఏడవలేదు. సరోజ అత్త వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టింది.

మొదట్లో పిల్లి ఎగరలేకపోయేది. అమ్మే ఎత్తి చెక్క మీద కూర్చోబెట్టేది. అది అక్కణ్నుంచి స్కూలు బస్సుల్ని, ఇడ్లీ బండిని, వల అవతల పావురాల్ని చూసుకునేది. మధ్యాహ్నాలు అమ్మ న్యూస్‌పేపరు ఉండను దారానికి కట్టి దాని ముందు ఆడించేది. ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు... చెయ్యి మాత్రం కదిలేది. ఆట అయ్యాక దారం మరిచిపోకుండా బీరువా మీద పెట్టేది.

ఓ సాయంత్రం నేను బడి నుంచి రాగానే, "పిల్లి కడుపు నిండ తిన్నది" అంది. నా వైపు తిరిగి, "నువ్వు తిన్నవా?" అంది.

ఎన్నో నెలల తర్వాత అడిగింది. లేదన్నాను. ఇద్దరం వంటింట్లోనే కూర్చుని పెరుగన్నం తిన్నాం.

పిల్లి కొంచెం కుంటుతూనే చాలా ఏళ్లు బతికింది. నేను డిగ్రీలో ఉండగా, నిద్రలోనే పోయింది. ఆ రోజు అమ్మ ఏడ్చింది... చాలాసేపు ఏడ్చింది. నాన్న పక్కనే కూర్చున్నాడు, ఆపమనలేదు.

ఇప్పుడు నేను ఉప్పల్‌లో ఏడో అంతస్తులో ఉంటున్నాను. నాకూ ఒక పిల్లి ఉంది. పోచారం ఆఫీసులో కూర్చుని, బాల్కనీకి వల కావాలని ఫోన్‌లో బుక్ చేస్తే, సెలవు రోజు ఇద్దరు మనుషులు ఇంటికి వచ్చారు. కంటికి కనిపించనంత సన్నటి వల, గంటలో బిగించి వెళ్లిపోయారు. పని బాగా చేశారు. మేం ముగ్గురం కలిపి నాలుగు మాటలు కూడా మాట్లాడుకోలేదు... ఈ అంతస్తులో ఇంకా ఎవరెవరున్నారో నాకు తెలియదు.

మీరు పెరిగిన ఇంట్లో కూడా పిల్లో, కుక్కో ఉండే ఉంటుంది... దాని మంచిచెడ్డలు ఎవరు చూసేవారో, వాళ్ల గురించి ఈ కింద రెండు ముక్కలు రాయండి. ఈ ఆదివారం ఇంట్లోనే ఉంటాను, అన్నీ చదువుతాను.