కాశీలో వదిలిన కొర్రమట్ట

మల్కాజ్‌గిరిలో మా వీధి చివర ఉండే కమలాబాయికి నమ్మకం కుదిరిన మనిషి ఇంకా పుట్టలేదు. పాలవాడి ముందే పాలలో వేలు ముంచి చూస్తుంది. పూటకు మూడు చాయలు తాగే మనిషి, పాల విషయంలో ఊరుకోదు మరి. బోయిన్‌పల్లిలో కొన్న టమాటాలను ఇంటికొచ్చి మళ్లీ తూకం వేస్తుంది. అలాంటామె మొగుణ్ణి మాత్రం ఎన్నడూ అనుమానించలేదు. మోటార్లకు వైండింగ్ చేసే తుకారాం అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అదే ఆమె ధీమా.

ఆమధ్య అతని గుండెకు స్టెంటు వేశారు. బతికి బయటపడితే కాశీకి తీసుకెళ్తానని ఆమె మొక్కుకుంది. కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనదొకటి వదలాలి కదా. తుకారాంకు కొర్రమట్ట చేపల పులుసంటే ప్రాణం. గంగలో నిలబెట్టి అదే వదలమంది. అతను మారుమాట లేకుండా వదిలేశాడు. తన వంతుకు ఆమె కాకరకాయ వదిలింది. ఆ వదిలిన మాట మీదే మొగుడి ప్రాణం నిలిచిందని ఆమె గట్టిగా నమ్మింది.

ఈ ఎండాకాలం నుంచి తుకారాం శనివారం రాత్రి "జెర పనున్నది" అని స్కూటర్ మీద పోవడం మొదలుపెట్టాడు. అర్ధరాత్రి దాటాక వస్తాడు. వచ్చి తన చొక్కా తనే నానబెడతాడు. మొగుడు బట్టలు తానే ఉతుక్కుంటే ఏ ఆడదానికి అనుమానం రాదు? ఒకసారి నానబెట్టకముందే ఆ చొక్కా లాక్కుని, తెల్లారగానే పక్కింటి రాధిక దగ్గరికి పట్టుకెళ్లింది. రాధికది భీమవరం. చేపల విషయంలో ఆమె మాటకు తిరుగులేదు.

"చేప వాసనే అక్కా, సందేహం లేదు," అంది రాధిక.

"నేను వండలే. మరెవతె వండి పెడుతున్నది?" అని కమలాబాయి కూలబడిపోయింది. "ఎవతైతే ఏంది గని, గది తింటే ఈయన బతుకుతడా?"

ఇంకొకతె ఉందన్న కోపం కన్నా ఈ భయమే ఆమెను తినేసింది.

ఆ శనివారం ఇద్దరూ రాధిక స్కూటీ మీద అతని వెనకే వెళ్లారు. యాప్రాల్ దాటాక స్కూటర్ ఒక చెరువు గట్టున ఆగింది. ఇల్లూ లేదు, ఆడమనిషీ లేదు. తుకారాం గాలం వేసుకుని చీకట్లో ఒంటరిగా కూర్చున్నాడు.

"చేపలు పడుతున్నారు, అంతే కదక్కా," అని రాధిక గొణిగింది.

"ఆగు. పట్టి ఎవతెకు ఇస్తడో చూడాలె."

దోమలు పీక్కుతింటున్నా కదల్లేదు. చివరికి గాలం తాడుకు కట్టిన బెండు మునిగింది. మూరెడు కొర్రమట్ట పడింది. తుకారాం దాన్ని గాలం నుంచి విడిపించి, రెండు చేతుల్లో బరువు చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాడు. తర్వాత మెల్లగా నీళ్లలో వదిలేశాడు.

కమలాబాయి ఇక ఆగలేకపోయింది. రాధిక ఫోను లాక్కుని దగ్గరికెళ్లి, లైటు అతని చెవుల మీద వేసింది.

"ఏందయ్యా ఇది?"

"తినుడు ఒదిలిన గని, పట్టుడు ఒదల్లే గద. జెరసేపు పట్టుకుంట, వాసన చూస్త, ఇడిసిపెడత. గంతే."

చెవులు మామూలుగానే ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నమ్ముతవా?"

ఆమె తగ్గలేదు. "ఇంతకుముందు పట్టినయి తిన్నవో ఏమో, ఎవరికి తెల్సు?"

తుకారాం తలెత్తకుండా గాలానికి ఎర గుచ్చుకుంటూ అన్నాడు. "కమలా, పెండ్లయిన కాన్నుంచి నువ్వు కాకరకాయ తినంగ నేనొక్కనాడు సుత చూడలే. కాశీల నేనేమన్న అడిగిన్నా?"

కమలాబాయి లైటు ఆర్పేసింది. తన చెవులు ఎలా ఉన్నాయో చూపించుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అతను ఒక్కడే ఇన్నాళ్లూ నిజంగా వదిలి బతుకుతున్నాడని తెలిసి, చెరువు గట్టునే కూర్చుని ఏడ్చింది.

ఆదివారం పొద్దున పాలవాడు వస్తే సగం పాలు చాలంది. అలవాటుగా వేలు ముంచి చూసింది. చాయ మాత్రం ఆనాటి నుంచి ముట్టలేదు.