సమాన ధర వస్తే కుప్ప ఎవరిది?

ఆర్మూర్‌లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి పసుపు వేలం ప్రోగ్రాం రాసిచ్చింది నేనే. రైతు తెచ్చిన కుప్పను వ్యాపారులు చూసి తమ ఫోన్లలో ధర కొడతారు. ప్రోగ్రాం ఆ ధరలను పెద్ద నుంచి చిన్నకు వరసపెట్టి, పైనున్న పేరు చూపిస్తుంది. అంతే, బ్రహ్మవిద్యేం కాదు. కంప్యూటర్ పాతబడిందని మొన్న వేసవిలో దాన్నే కొత్త ట్యాబ్‌లోకి మార్చాను. ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

మార్చిన రోజే దొంకేశ్వర్ నుంచి పసుపు తెచ్చిన పెద్దమ్మ నా మీదికి వచ్చింది.

“ఇద్దరూ ఒక్కటే ధర జెప్పిండ్రు గదా! నా కుప్ప గాయనకెట్ల వోయింది? గాయన రేపటిదాక ఎత్తడు. గా మబ్బు జూడు. ఉడకబెట్టి, ఎండబెట్టి తెచ్చిన పసుపు తడిస్తె ఎవలు కొంటరు బిడ్డా?”

నిజమే, మాక్లూర్ వైపు ఆకాశం నల్లబడుతోంది. నాకు భయం వేసింది. అబద్ధమెందుకు, అంతకంటే కుతూహలం ఎక్కువ వేసింది. అవే ధరలు పాత కంప్యూటర్‌లో వేసి చూశాను. అది ముందు ధర కొట్టిన వ్యాపారిని చూపింది. ట్యాబ్ రెండో ఆయన్ని చూపింది. ఒకే ప్రోగ్రాం, రెండు తీర్పులు!

వరసపెట్టే పని నేను రాసింది కాదు, ఏ మెషిన్‌తో వచ్చినదాన్ని ఆ మెషిన్‌లో వాడుకున్నాను. రెండిటి నియమాలూ తెరిచి చదివాను. పెద్దది ముందు వస్తుందని రాసి ఉంది. రెండూ సమానమైతే ఏది ముందో హామీ లేదని కూడా ఉంది. అంటే పాతది ఇన్నేళ్లూ మాటిచ్చి ముందువాణ్ని చూపలేదు. తంతే బూరెల బుట్టలో పడ్డట్టు పడిందంతే.

సరే, ఆ నియమమేదో మనమే రాద్దామని దుకాణం సేటును అడిగాను. “ముందు జెప్పినోనిదే” అన్నాడు. పక్కనున్న హమాలీ మేస్త్రీ “గట్లెట్ల? ఎక్కువ సరుకు కొనెటోనిది” అన్నాడు. ఇద్దరూ బల్లగుద్ది మరీ చెప్పారు. నాకు నవ్వొచ్చింది.

“గీ కంప్యూటర్ రాకముందు నన్నడుగుతుండె,” అంది పెద్దమ్మ. “ధర ఒక్కతీరుగ వస్తే ఎవలకిస్తవమ్మా అని అడుగుతుండె. యాది మర్శినవా సేటూ?”

సేటు తల గోక్కున్నాడు. “అవు, అడుగుతుంటిమి. మెషిన్ పేరు జూపెడుతుంటె అడుగుడు బందు వెట్టినం.”

నాకు బాధేసింది. ఆమె మాటను మెషిన్ మింగేస్తే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

ఇంకా కాంటా కాలేదు, తూకం వేయలేదు కాబట్టి కొనేవాణ్ని మార్చొచ్చని సేటు ఒప్పుకున్నాడు. అక్కడే కూర్చుని రాశాను: పై ధరలు సమానమైతే ఏ మెషిన్‌లోనైనా ప్రోగ్రాం తీర్పు చెప్పకూడదు, ఆ పేర్లన్నీ చూపించి ఆగాలి. పాతదానిలో, కొత్తదానిలో వేసి చూశాను. ఈసారి రెండూ ఆగాయి.

“ఎవలకిస్తవమ్మా?” అన్నాడు సేటు.

ఉరిమింది.

“వానొస్తుంది పెద్దమ్మా, జల్ది జెప్పు,” అన్నాను.

“జర ఆగు బిడ్డా. నన్నడగక ఎన్నేండ్లాయె!”

కొంగు సర్దుకుని, వ్యాపారులిద్దరి మొహాలూ తీరుబడిగా చూసి, అప్పుడు చెప్పింది ఈ రోజే ఎత్తేవాడి పేరు.