సైంధవం ఉప్పు కాదు

చిటికెడు పుణ్యంతో ఇద్దరు డ్రైవర్లను బండి దింపడం ఎలాగో నేర్చుకోవాలనుంటే మా పూండి వైపు వచ్చి నన్ను అడగండి. ఆ విద్యలో నన్ను మించినవాడు ఉద్దానంలో లేడు. దింపినవాళ్లలో ఒకడు మా బావమరిది కూర్మారావు. రెండోవాణ్ణి నేనే.

అప్పట్లో ఇద్దరం టెక్కలి దగ్గర క్వారీ నుంచి మూలపేట పోర్టు పనికి టిప్పర్లలో రాళ్లు తోలేవాళ్లం. పగలు నా చేతిలో స్టీరింగు, సాయంత్రం భజన మందిరంలో తాళాలు. శనివారం భజన ముగిశాక నాలుగు మంచిమాటలు చెప్పే బాధ్యత కూడా నాదే. శ్లోకానికి అర్థం చెప్పమంటే అరగంట, చాలు ఆపమంటే గంట చెప్పేవాణ్ణి. ఇక నా బొజ్జ సంగతి. విఘ్నేశ్వరుడికి అందమైనది ఆయన భక్తుడికి ఎబ్బెట్టు ఎలా అవుతుందని దాన్ని ముద్దుగా పెంచాను. దానికి చోటివ్వడం కోసం సీటును వెనక్కి జరుపుతూ జరుపుతూ చివరికి జరపడానికి చోటు లేక ఆగాను. స్టీరింగు తిప్పితే చొక్కా గుండీలు కూడా దాంతో పాటే తిరిగేవి.

ఇలా ఉండగా కాంట్రాక్టరు డ్రైవర్లందరికీ వైద్య పరీక్ష పెట్టించాడు. బీపీ అదుపులో ఉన్నవాడికే గేటు పాసు అన్నాడు. పాసు లేకపోతే పోర్టులోకి బండి వెళ్లదు. బండి వెళ్లకపోతే మా ఇళ్లలో పొయ్యి వెలగదు. టెంటు కింద డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టగానే నేను కళ్లు మూసుకుని స్తోత్రం అందుకున్నాను.

"మాట్లాడకండి," అంది ఆవిడ.

"మాటాడ్డం నేదమ్మా. స్తోత్రం సదువుతన్నాను."

"మిషనుకి రెండూ ఒకటే. కాసేపు నోరు కదపకండి."

నోరు కదపకపోయినా అంకె కిందికి దిగలేదు. ఆవిడ నన్నూ, నా బొజ్జనూ విడివిడిగా చూసింది.

"రోజంతా కదలకుండా కూర్చునే పని, పైగా ఈ బరువు, ఈ బీపీ. స్టీరింగు దగ్గర కళ్లు తిరిగితే మీ ఒక్కరితో పోదు. రోజూ మాత్ర వేసుకోండి. నడవండి. ఉప్పు బాగా తగ్గించండి. పాసు ఒక్క నెలకే రాస్తున్నాను. నెల తరవాత మళ్లీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే బండి ఇవ్వొద్దని చెప్పేస్తాను."

కూర్మారావుకి మాత్రం, "మీరు గట్టు మీద ఉన్నారు. అటువైపు పడకండి," అని చెప్పి వదిలేసింది. పాపం, వాణ్ణి అటువైపు తోసే మహానుభావుడు పక్కనే ఉన్నాడని ఆవిడకేం తెలుసు!

ఉప్పు తగ్గించడం అంటే నాకు ప్రాణసంకటం. ఆవకాయ లేని అన్నం నాకు తాళం లేని భజన. దిగాలుగా ఇంటికి పోతుంటే దారిలో జ్ఞానోదయమైంది. మా ఇంట్లో తరతరాలుగా సూర్యనారాయణమూర్తికి ఆదివారం ఉప్పు ముట్టని వ్రతం ఉంది. ఆ రోజు వంటలో ఉప్పు బదులు కాస్త సైంధవ లవణం వేస్తారు. అదే, కొండల్లోంచి తవ్వి తీసే గులాబి రంగు రాళ్ల పొడి. అది వేస్తే వ్రతం చెడదు. వ్రతం చెడలేదంటే అది ఉప్పు కాదు. ఉప్పు కానప్పుడు డాక్టరమ్మ ఆజ్ఞ దానికి వర్తించదు! ఈ తర్కం బుర్రలో వెలిగిన క్షణాన పుష్పవృష్టి కురుస్తుందేమోనని ఒకసారి ఆకాశం వంక కూడా చూశాను.

మర్నాడే పలాస బజారుకి వెళ్లి బస్తా దించాను. మా ఆవిడ పార్వతి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇదేటి మావా? సిమెంటా?"

"సైంధవం. ఈయేల్టి నుంచి మనింట్లో ఉప్పు బందు. కూరలోన, సారులోన, మజ్జిగలోన, అన్నిట్లోనా ఇదే."

"డాక్టరమ్మని ఓపాలి అడగరాదేటి?"

"శాస్త్రం సెప్పినాక డాక్టరమ్మ ఏటే? ఆదివారం పనికొచ్చినది సోమవారం పనికిరాదేటి?"

"ఆదివారం నాను సిటికెడేత్తాను మావా. నువ్వు బస్తా తెచ్చినావు."

ఆ మాటలోని వివేకం నా చెవిదాకా వచ్చి, లోపల ఖాళీ లేక తిరిగి వెళ్లిపోయింది.

నేను ఒక్కణ్ణీ తిని ఊరుకుంటే కథ ఇంతదూరం వచ్చేది కాదు. తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. ఈ కోతికి దొరికిన వనం ఏకంగా ఉద్దానం. శనివారం భజన కాగానే లవణ భేదం మీద ప్రవచనం చెప్పాను. అందరూ తలలూపారు. కూర్మారావు ఒక్కడే ఊపుతో ఆగకుండా లేచి నిలబడ్డాడు.

"అయితే బావా, సైంధవం ఏసి పకోడీ ఏయిస్తే తినొచ్చేటి?"

"సైంధవం పడ్డాక అది పకోడీ కాదురా. ఫలహారం."

"మరి ఆవకాయి?"

"సైంధవంతో పెడితే అదీ ఫలహారమే."

"నువ్వు దేముడివి బావా!"

దేవుడి పక్కన నన్ను నిలబెట్టినందుకు మనసులో లెంపలేసుకున్నాను. కానీ మెల్లిగా వేసుకున్నాను.

ఆ నెలంతా మా భోగం చెప్పాలా! పలాస జీడిపప్పు నేతిలో వేయించి, దండిగా సైంధవం జల్లి, డబ్బాలో పోసి బండిలో దేవుడి పటం కిందే పెట్టుకున్నాను. ఉప్పు పూర్తిగా మానేసినవాడికి మాత్రలు దండగని వాటినీ మానేశాను. నౌపడ ఉప్పు మడుల పక్క నుంచి పోయేటప్పుడు ఆ తెల్లటి కుప్పలను చూసి, "ఇంద్రియాలను జయించినవాణ్ణి నన్నేం చేస్తావే!" అనుకుంటూ గుప్పెడు జీడిపప్పు నోట్లో వేసుకునేవాణ్ణి. దాహం మాత్రం వేసవి చెరువులా నోరు తెరిచేది. అది తపస్సు వేడి అనుకున్నాను.

నెల తిరిగింది. టెంటు, డాక్టరమ్మ, పట్టీ. ఈసారి స్తోత్రం కూడా చదవలేదు. ధీమా అలాంటిది. ఆవిడ అంకె చూసింది, పట్టీ విప్పి మళ్లీ చుట్టింది, మళ్లీ చూసింది.

"పోయినసారి కంటే పెరిగింది. ఉప్పు మానలేదా?"

"సూర్యనారాయణమూర్తి సాక్షిగా మానీసినానమ్మా. ఒక్క ఉప్పుగల్లు ముట్టనేదు."

తరవాత కూర్మారావు కూర్చున్నాడు. గట్టు మీదివాడు కాస్తా నడి ఏట్లో ఉన్నాడు.

"మీరు కూడా ఉప్పు మానేశారా?"

"మా బావ ఎలాగ సెప్తే అలాగేనమ్మా."

ఆవిడ నొసలు ముడిపడింది. "ఇద్దరూ ఉప్పు మానేశారు. ఇద్దరికీ బీపీ పెరిగింది. అసలే మన ఉద్దానం. ఎందుకైనా మంచిది, ఇద్దరికీ కిడ్నీ పరీక్షలు రాస్తాను."

మా వైపు ఆ మాట ఊరికే అనరు. కిడ్నీ అనగానే పోయినవాళ్ల మొహాలు కళ్ల ముందు వరసగా నిలబడే ఊళ్లు మావి. కూర్మారావు రంగు జీడిపప్పులా పాలిపోయింది. ఇంతవరకూ ఇది నా తర్కం. ఇప్పుడిది నా పెళ్లాం తమ్ముడి ప్రాణం.

"కిడ్నీలేటమ్మా!" వాడు ఏడుపు గొంతుతో అరిచాడు. "నానేటి పాపం సేసినానని? నెల్లాళ్లుగా పకోడీలోనైనా ఒట్టి సైంధవమే తింతన్నాను!"

ఆవిడ చీటీ రాయడం ఆపింది.

"సైంధవం ఎంత?" అని మెల్లిగా అడిగింది డాక్టరమ్మ.

"బావా, ఎంతేటి?"

నేను భూమి చీలి దారిస్తుందేమోనని కిందికి చూశాను. బొజ్జ అడ్డం వచ్చి భూమి కనపడలేదు. బస్తా సంగతి, వ్రతం సంగతి, ప్రవచనం సంగతి కక్కేశాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఏడ్చి మాత్రం కాదు.

"చూడండి గురువుగారూ. భక్తితో చిటికెడు వేసుకుంటే ఆ సూర్యుడు అది ఉప్పు కాదని ఒప్పుకుంటాడు. ఆయన దయగలవాడు. మీ రక్తనాళాలు ఒప్పుకోవు. వాటికి శాస్త్రం రాదు. రంగు మారినా అదీ ఉప్పే."

పరీక్షల్లో కిడ్నీలు బాగానే ఉన్నాయని తేలేదాకా మా ఇంట్లో ఎవరికీ మెతుకు దిగలేదు. బాగున్నాయని తెలిశాక పార్వతి తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చి, తరవాత నావైపు తిరిగింది. ఆ ప్రవచనం ఇక్కడ రాయడానికి వీల్లేదు. నాది గంటే. తనది రెండు రోజులు సాగింది.

పాసులు మాత్రం పోయాయి. ఓడెక్కితే ఓడమల్లయ్య, దిగితే బోడిమల్లయ్య. టిప్పర్ దిగిన మల్లయ్యలిద్దరికీ సూపర్‌వైజరు జాలిపడి, రాళ్ల బళ్లకి జెండా ఊపే పని ఇచ్చాడు. ఒక మలుపులో నేను ఎర్ర జెండా, రెండో మలుపులో కూర్మారావు పచ్చ జెండా. బండి వచ్చినప్పుడల్లా ముందు నడవాలి, వెనక్కి రావాలి.

"గురువుగారూ, ఉప్పుగాలి తగులుతంది, మొహానికి గుడ్డ కట్టుకో!" అని తోటి డ్రైవర్లు హారను కొట్టి మరీ పోయేవారు. దుమ్ములో నిలబడి నవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మాత్ర మింగుతూ, చప్పిడి కూడు తింటూ కొన్ని నెలలు అలా నడిచాం. ఆరోగ్యం ఇమ్మని ఆ సూర్యనారాయణమూర్తినే వేడుకున్నాను కదా! ఆయన మొర ఆలకించి, ఉదయం నుంచి సాయంత్రం దాకా నన్ను తన ఎదుటే నిలబెట్టుకున్నాడు. ఇంతకు మించిన సూర్యోపాసన మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. బొజ్జ తగ్గింది, బీపీ దిగింది, పాసులు తిరిగొచ్చాయి.

ఆ శనివారం భజన మందిరంలో హారతి మీద చెయ్యి పెట్టి అందరి ముందూ శపథం చేశాను. "సూర్యనారాయణమూర్తి సాక్షిగా, ఈ జన్మలో డాక్టరు మాటకి భాష్యం సెప్పను. వంటింటి సరుకుల మీద ప్రవచనం సెప్పను. సైంధవమైనా, సముద్రపుదైనా, ఉప్పుని ఉప్పే అంటాను."

అందరూ గోవిందా అన్నారు. వెనక వరస నుంచి కూర్మారావు చెయ్యెత్తాడు.

"బావా, హారతి ఆరిపోకముందే బెల్లం కూడా కలిపీ! బెల్లం టీకి సుగరు రాదని నువ్వు సెప్పినావని పొద్దున్నుంచి తొమ్మిది తాగీసినాను."

కలిపాను.