కర్పూరం లేని హారతి

మా బావ నన్ను పదిమందిలో పిరికివాడన్నాడు. బోరబండ అవతల రాళ్ళ మైదానంలో, పందొమ్మిది వందల నలభైల చివర. ఇప్పుడు అటువైపంతా అద్దాల మేడలు లేచాయి. ఆ మాట మాత్రం నాకు అక్కడే నిలబడి ఉంది.

బావ మూసాపేటలో సైకిళ్ళు బాగుచేసేవాడు. కొంతకాలం బెలూన్ ప్రదర్శన వాళ్ళ దగ్గర పనిచేసి, ఇనుప ముక్కల మీద తేజాబ్ అనే ఆమ్లం పోసి హైడ్రోజన్ తీయడం నేర్చుకున్నాడు. చిరిగిందని వాళ్ళు వదిలేసి వెళ్ళిన బెలూన్‌ని ఇంటికి మోసుకొచ్చాడు. దర్జీని కనుక దాన్ని కుట్టింది నేను. ప్రతి కుట్టు మీదా అవిసె నూనె పట్టించాను. పైన చిన్న మూత పెట్టి, దానికి కట్టిన తాడును మనిషి నిలబడే కింది గంపలోకి వేలాడదీశాను. ఆ తాడు లాగితే హైడ్రోజన్ కొద్దికొద్దిగా పోయి బెలూన్ మెల్లగా దిగుతుంది. ఎటూ కొట్టుకుపోకుండా బావి మోకుతో ఎడ్లబండికి కట్టాలన్నదీ నేనే. ఈ రెండిటికీ బావ ఒప్పుకున్నాడు. తన ఆలోచనలేనని ఊరంతా చెప్పుకున్నాడు కూడా.

మూడోదానికి మాత్రం ఒప్పుకోలేదు. దగ్గరలో నిప్పు ఉండకూడదన్నాను.

అంతకుముందు చిన్న సంచిలో హైడ్రోజన్ నింపి ఎగరేయబోతే, కొత్త పని కదా అని అక్క కర్పూర హారతి ఇచ్చింది. సంచి భగ్గుమంది. బావ కనుబొమ్మలు కాలిపోయాయి. హైడ్రోజన్‌కి నిప్పు తగిలితే అంతేనని నేను మొత్తుకుంటుంటే, ఎవరిదో దిష్టి తగిలిందని బావ తేల్చేశాడు. కాబట్టి పెద్ద బెలూన్‌కి ఇంకా పెద్ద హారతి కావాలన్నాడు!

ఆ రోజు బెలూన్ నిండింది. బావ గంపలోకి ఎక్కాడు. అక్క పళ్ళెంలో కర్పూరం కుప్ప పోసుకుని, అగ్గిపెట్టె పట్టుకుని వచ్చింది. నేను కత్తెర తీసి బెలూన్ అంచు మీద పెట్టాను.

“అగ్గిపుల్ల గీస్తే నా కుట్లు నేనే కోస్త,” అన్నాను.

“ఏంది రా బామ్మర్దీ, హారతికే గింత భయమా? పిరికోడా! రేపు నీ పెండ్లిల హారతిస్తుంటే పీటల మీదికెల్లి ఉరుకుతవా?” అన్నాడు బావ.

జనం విరగబడి నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

అక్క నవ్వలేదు. “హారతి లేకుంట ఆయన్ని పైకెట్ల పంపాలె తమ్మీ? ఏమన్నయితే?” అంది.

“మొన్న పళ్ళెం పట్టుకున్నది నువ్వే కద అక్కా. మంట ఏడికెల్లి లేచింది?”

అక్క పళ్ళెం కిందికి దించింది. “పళ్ళెంలకెల్లే,” అంది మెల్లగా. “నాకెరుకే. నా చేత్తోనే అయిందంటరని చెప్పలే.”

ఇన్నాళ్ళూ ఆ భయాన్ని ఒక్కతే మోసిందని నాకు అప్పుడు తెలిసింది. అయినా కత్తెర దించలేదు.

అక్క కర్పూరం కొంగున కట్టుకుంది. దూరంగా కూర్చున్న ఒక ముసలమ్మ చేతికి అగ్గిపెట్టె ఇచ్చేసి, ఆమె తమలపాకుల సంచిలోంచి కాస్త సున్నం అడిగి తెచ్చింది. పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపూ సున్నమూ కలిపింది. పెళ్ళికొడుక్కి దిష్టి తీసే ఎర్రనీళ్ళే. వాటిని బావ ముందు తిప్పి పక్కన పారబోసింది. అప్పుడు నేను తప్పుకున్నాను.

బావ గంపతో సహా పైకి లేచాడు. మోకు బిగుసుకుంది. గోపన్‌పల్లి దాకా కనబడుతోందని పైనుంచి అరిచాడు. కాసేపటికి తాడు లాగాడు. నా మూత తెరుచుకుంది. పిట్ట వాలినంత మెత్తగా దిగాడు.

దిగగానే ఏమన్నాడో తెలుసా? “చూసినవా రా, దిష్టి తీసుడుతోనే మంచిగ దిగిన!” అన్నాడు. జనమంతా అక్క తెలివిని మెచ్చుకున్నారు. మూత ఎవరు పెట్టారని ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత బావ ఎగిరిన ప్రతిసారీ అక్క ముందు నా దగ్గరికే వచ్చి పళ్ళెం చూపించేది. ఎర్రనీళ్ళు తప్ప ఏమీ లేవని చూసి నేను తలూపేవాణ్ణి. ఆ తర్వాతే అటు వెళ్ళేది.

“బామ్మర్దికి సుత దిష్టి తీస్తున్నవా ఏంది?” అని బావ గంపలోంచి కేకేసేవాడు.

అక్క ఆ నీళ్ళు ఆయన ముందు తిప్పి పక్కన పారబోసేది.