లాడ్ బజార్‌లో పగలని గాజుపట్టీలు

పాతబస్తీకి వెళ్తున్నాం, ఏం చూడమంటారని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. అందరూ చెప్పేవి ఎలాగూ అందరూ చెబుతారు. నేను ఒక గోడ గురించి చెబుతాను. ఇప్పుడది లేదు. డెబ్బైల చివర్లో, వరంగల్‌లో సివిల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతూ దాన్ని చూశాను. ఆ ప్రయాణానికి కారణం మా ఇంట్లో జరిగిన లొల్లి. వరదలు, తుఫానులు, కూలే ఇళ్లు, వీటి ప్రమాదాన్ని ముందే పసిగట్టే శాస్త్రజ్ఞుల దగ్గర పనిలో చేరతానన్నాను నేను. మా బాపు ససేమిరా అన్నాడు. "ఇంజనీరంటే డ్యామ్ గట్టాలె, రోడ్డెయ్యాలె. పడిపోయేటి గోడలు జూస్కుంట తిరుగుడేంది బిడ్డా? గిది గూడ ఒక కొలువేనా?" ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది, ఎందుకంటే లోపల నాకూ అదే అనుమానం ఉండేది. మా లెక్చరర్‌కు చెప్పుకుంటే, "హైదరాబాద్‌లో ఆ పనే చేస్తున్న సుగుణ మేడమ్ వెంట ఒక్కరోజు తిరిగి రా. తర్వాత మీ నాన్నతో మాట్లాడుదువు" అని పంపించారు.

కాజీపేటలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగేసరికి బాగా ఎండెక్కింది. టికెట్టు ఐదారు రూపాయలు ఉండేదప్పుడు. స్టేషన్ బయట డబల్ డెక్కర్ బస్సెక్కి పైఅంతస్తులో ముందు సీటు పట్టుకున్నాను. ఆ సీటు కోసం పిల్లలతో పోట్లాడానని చెప్పడానికి నాకేం సిగ్గులేదు. అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ మీద మూసీ దాటి, పత్తర్‌గట్టీ గుండా నడుచుకుంటూ పోతే ఎదురుగా చార్మినార్. మృగశిర కార్తె, తొలి వానలు దగ్గరపడుతున్న రోజులు. వంతెన కింద చూస్తే మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. దీన్ని చూసి ఎవరు భయపడతారులే అనుకున్నాను. అంతలోనే వెనకటి రోజుల్లో మూసీకి వచ్చిన పెద్ద వరద గురించి మా నాయనమ్మ చెప్పిన మాటలు గుర్తొచ్చి లెంపలేసుకున్నాను.

చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్లో సుగుణ మేడమ్ నా కోసం ఎదురుచూస్తున్నారు. నలభై దాటిన మనిషి, నేతచీర, కాళ్లకు కాన్వాస్ బూట్లు, భుజాన బరువైన సంచి. ఆవిడది కోస్తా. ఇన్నేళ్లుగా హైదరాబాద్‌లో ఉన్నా ఆవిడ ఉర్దూ మాట్లాడితే హోటల్ కుర్రాళ్లు నవ్వాపుకోవడానికి పక్కకు తిరిగేవాళ్లు. ఎదురుగా కూర్చుని బిస్కట్టు చాయ్‌లో ముంచుకుంటున్నవాడు యాదగిరి. మేడమ్ ఆఫీసు పని మీద తిరిగేది ఇతని ఆటోలోనే. "ఇగో చెల్లె, ముందే జెప్తున్న. మేడమ్ ఇంటికొచ్చిందంటే ఇగ సామాను సర్దుకునుడే. మా కిషన్‌బాగ్‌ల పిల్లలు అన్నం తినకుంటే తల్లులు బూచోడని భయపెడ్తలేరు, గోడ మేడమ్ వస్తదంటున్రు" అన్నాడు. మేడమ్ హాయిగా నవ్వి, "ఆ మాటకు జరిమానాగా చాయ్ డబ్బులు నువ్వే ఇవ్వు యాదగిరీ" అన్నారు. చాయ్ అర్ధ రూపాయి. పాపం అతనే ఇచ్చాడు.

ముందు కిషన్‌బాగ్‌లో యాదగిరి ఇంటికే వెళ్లాం. మేడమ్ పని ఎలా ఉంటుందో అక్కడ చూశాను. గోడ పగిలిన చోట, పగులుకు అడ్డంగా వేలెడు గాజుపట్టీ పెట్టి రెండు కొసలా సిమెంటు ముద్దతో అతికిస్తారు. గోడ ఊరికే పగిలి ఆగిపోతే పట్టీ అలాగే ఉంటుంది. లోపల్లోపల కదులుతుంటే మన కంటికి ఏమీ తెలియకముందే గాజు పుటుక్కున విరుగుతుంది. గాజు విరిగిందంటే వాన ముదరకముందే ఇల్లు ఖాళీ చెయ్యాలి. నిరుడు యాదగిరి ఇంట్లో అలాగే విరిగింది. "రెండు నెల్లు మా బామ్మర్ది ఇంట్ల వడ్డం చెల్లె. మా ఆమెకు, వాళ్ల వదినెకు పొద్దుమాపు లొల్లే. ఇంతజేసి గోడ పడ్డదా? పడలే! నిలవడి నన్ను జూసి నవ్వింది." అతని భార్య మాకు మజ్జిగ ఇస్తూ, "నవ్విందో లేదో గని నువ్వు మాత్రం ఏడాది సంది గదే పాట" అని దెప్పింది. పునాదికి రాయి కట్టించాక ఇప్పుడా గోడ గట్టిపడింది. కొత్త గాజు విరగలేదు.

తిరిగి వస్తుంటే ఆటో చప్పుడులో గొంతు పెంచి మేడమ్‌ను అడిగాను, ఈ పనిలోకి ఎలా వచ్చారని. మట్టి పరీక్షలు చేసే ల్యాబులో తన ఉద్యోగం మొదలైందట. "తుఫాను వచ్చి వెళ్లాక మమ్మల్ని పంపేవారు. ఇళ్లు ఎందుకు పడ్డాయో చూసి రిపోర్టు రాయాలి. బాగా రాసేదాన్నమ్మా, పైవాళ్లు మెచ్చుకునేవారు. ఒక ఊళ్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. ఇంత తెలిసినదానివి ముందే ఎందుకు రాలేదమ్మా అనడిగింది. తిట్టలేదు, ఏడవలేదు, ఊరికే అడిగింది. అప్పట్నుంచీ ముందే వెళ్తున్నాను." తనే మళ్లీ, "డ్యామ్ కట్టినవాళ్లకు శిలాఫలకం మీద పేరుంటుంది. నా తోటివాళ్లందరికీ ప్రమోషన్లు వచ్చాయి. నాకు గోడ మేడమ్ అనే బిరుదొచ్చింది" అన్నారు. ఆ మాట నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం బాపు చెప్పిందే నిజమేమో అనిపించింది.

లాడ్ బజార్‌లోకి ఆటో పోదు. యాదగిరి కూడా దాన్ని బయటే వదిలి మా సంచి మోసుకొచ్చాడు. రెండు వైపులా గాజుల దుకాణాలు, బొగ్గుల సెగ మీద కరుగుతున్న లక్క వాసన, బేరాల గోల. మేం చూడాల్సింది ఖాజా భాయ్ అనే వ్యాపారి ఇల్లు, ఆయన లక్కగాజుల దుకాణం వెనకే ఉంది. తాతల నాటి మట్టిగోడలు. పది రోజుల్లో ఆయన కూతురి షాదీ. ఇల్లంతా తెల్లగా సున్నం వేసి ఉంది. వెనక పెద్ద గదిలో ఆడవాళ్లను కూర్చోబెడతారట. ఎండాకాలం మొదట్లో మేడమ్ పట్టీలు అతికించింది ఆ గది గోడకే. ఖాజా భాయ్ తల్లిని అందరూ దాదీ అంటారు. ఆమే మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది. నాలుగు పట్టీలూ చెక్కుచెదరకుండా మెరుస్తున్నాయి. "మేడమ్, అన్నీ మంచిగనే ఉన్నయి!" అన్నాను సంబరంగా. పెళ్లింట్లో చెడ్డమాట చెప్పే అవసరం తప్పింది కదా అని నా ఆనందం.

మేడమ్ గోడ దగ్గరికెళ్లారు. పట్టీ కొస మీద సున్నాన్ని గోటితో గీరారు. లోపల బూడిదరంగు సిమెంటు ఉండాలి. ఎర్రగా, మెత్తగా ఏదో గోటికి అంటుకుంది. వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. లక్క!

"దాదీ, ఈ గాజు ఎవరు పెట్టారు?"

దాదీ ముఖం వెలిగిపోయింది. "నేనే బేటీ! నువ్వు పెట్టింది పగిలింది. షాదీ ఇంట్ల పగిలిన గాజు ఉంచుతరా? తోబా, మస్తు అపశకునం. గాజులు మా ఖాన్‌దాన్ పనేనాయె. నీకెందుకు తక్లీఫ్ అని నేనే కొత్తది లక్కతోని పెట్టిన. ఒకటెన్క ఒకటి నాలుగు పగిలినయి, నాలుగు గట్లనే మార్చిన. గిప్పుడు జూడు, ఎంత గట్టిగున్నదో!"

నాకప్పుడు అర్థమైంది. గాజు పగిలిన ప్రతిసారీ గోడ మొత్తుకుంది, దాదీ ప్రతిసారీ ప్రేమగా దాని నోరు మూసింది. ఎండలకు లక్క మెత్తబడి సాగుతుంది. గోడ ఎంత కదిలినా ఇక గాజు విరగదు. సున్నంతో పగుళ్లు కూడా కనిపించకుండా పోయాయి. మేడమ్ దాదీని ఒక్కమాట అనలేదు. బయటికొచ్చి ఖాజా భాయ్‌తో, "వానలు పడితే ఈ గోడ నిలవదు. పెళ్లికి ఆ గదిలో ఎవరినీ కూర్చోబెట్టొద్దు" అన్నారు.

ఖాజా భాయ్ తల పట్టుకున్నాడు. "అరే మేడమ్, షాదీ పిలుపు రుక్కాలు ఊరంత పంచినం. ఆడోళ్లు ఏడ కూసోవాలె? నా నెత్తి మీదనా?" యాదగిరి వైపు తిరిగాడు. "యాదగిరీ, నీ ఇల్లు గూడ గిట్లనే ఖాళీ జేపిచ్చిన్రు గద. జెప్పు, పడ్డదా?"

అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. పొద్దున్నించీ అతను పాడుతున్న పాటే అది. యాదగిరి సంచి కింద పెట్టాడు. "పడలే భాయ్. గని గా ముసురుల నా పిల్లలు గోడ పక్కన లేరు. బామ్మర్ది ఇంట్ల లొల్లి వెట్టుకున్నం, మాటలు వడ్డం. బతికున్నోళ్లకే గద భాయ్ లొల్లి!" మేడమ్ అతని వైపు అలా చూస్తూ ఉండిపోయారు. ఆ మాట ఆవిడ కూడా వినడం అదే మొదటిసారనుకుంటాను.

దాదీ గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. మేడమ్ ఆమె దగ్గరికెళ్లి తన వచ్చీరాని ఉర్దూ వదిలేసి తెలుగులోనే అడిగారు. "దాదీ, చిన్న పగులున్న గాజును మీ దుకాణానికొచ్చిన ఆడపిల్ల చేతికి తొడుగుతారా?"

"తోబా తోబా! చెయ్యి తెగదా? పక్కకు వారేస్తం."

"పగులు కనిపించకుండా రంగు పూసుంటే?"

దాదీ గదిలోకి తిరిగింది. తెల్లటి గోడ వైపు చూసింది. తర్వాత కొంగుకున్న తాళంచెవి విప్పి, "ఖాజా, గదిల సామాను తియ్. తాళమెయ్. గల్లీల షామియానా వేపియ్. అడిగెటోళ్లకు అమ్మ జెప్పిందను" అంది. మేడమ్ మళ్లీ సిమెంటుతో కొత్త పట్టీలు అతికించి, "ఇవి పగిలితే పగిలినట్టే ఉండనివ్వండి, సరేనా?" అన్నారు. "షాదీ ఇంట్ల..." అని దాదీ నసిగింది. "కష్టం బేటీ. సూస్త." వెళ్లేటప్పుడు నా చేతికి రెండు లక్కగాజులు తొడిగి, పైసలిస్తే నా చెయ్యి వెనక్కి తోసింది.

పెళ్లికి మమ్మల్ని పిలిచారు. గల్లీలో షామియానా కింద బిర్యానీ తిన్నాక దాదీ వచ్చి మేడమ్ చెయ్యి, నా చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లింది. తాళం తీసి, గుమ్మం దగ్గరే నిలబెట్టి దూరం నుంచి గోడ చూపించింది. రెండు పట్టీలు మధ్యకు విరిగి ఉన్నాయి. "ముట్టుకోలె బేటీ. చుట్టాలు సూడకుంట తాళమేసిన, గని ముట్టుకోలె" అంది. మనవరాలి పెళ్లినాడు, ఇంట్లో పగిలిన గాజు! మేడమ్ కళ్లు తుడుచుకోవడం ఆరోజే చూశాను. ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం ఆ గోడ కూలింది. గది ఖాళీ. ఎవరికీ గీత కూడా పడలేదు.

ఆ కబురు మేడమ్ నోట తెలిశాక ఇంటికెళ్లి బాపుకు చెప్పాను. ఆయన ఆ వారం పేపర్లన్నీ ముందేసుకుని తిరగేశాడు. "ఏంది బిడ్డా, అంత పెద్ద గోడ కూలితే ఒక్క ముక్క రాయలే?" అన్నాడు. "ఎవ్వలకేం గాలే బాపు. గందుకే రాలె" అన్నాను. కళ్లద్దాలు తీసి, పేపర్లు మడతపెట్టి పక్కన పెట్టాడు. తర్వాత, "అయితే చేరు బిడ్డా" అన్నాడు. రిటైరయ్యేదాకా ఆ పనే చేశాను. నేను చేసిన పని గురించి ఏ పేపర్లోనూ పెద్దగా ఏమీ రాలేదు, దానికి నాకు చాలా సంతోషం.

పాతబస్తీకి వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. లాడ్ బజార్‌కు పొద్దున దుకాణాలు తెరిచే వేళకు వెళ్తే రద్దీ తక్కువ, బేరమూ బాగా కుదురుతుంది. వెనక గల్లీల్లో పాత గోడ మీద చిన్న గాజుపట్టీ కనిపిస్తే ముట్టుకోకండి. అది విరిగి ఉంటే మాత్రం ఆ ఇంటివాళ్ల తలుపు కొట్టి చెప్పి వెళ్లండి.